ఆ మధ్యాహ్నం ఆయన్ని తిప్పిందెవరు?

దెయ్యాలూ భూతాలూ అంటూ ఎవరైనా కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయే మనిషిని నేను. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా స్కూల్లో సామాన్ల గదిలో గాజు సీసాలు వాటంతట అవే చప్పుడు చేస్తున్నాయని పిల్లలు హడలిపోతే, బోను పెట్టించి ఎలుకని పట్టి అందరికీ చూపించినదాన్ని. పూనకం వచ్చి ఊగుతున్న ఒకావిడ ముఖాన చెంబుడు నీళ్ళు కొట్టి నలుగురి చేతా తిట్లు తిన్నదాన్ని. దిష్టి తియ్యడం కూడా నాకు గిట్టదు. మిరపకాయలు దండగ అనేదాన్ని.

కాబట్టి నేను చెప్పబోయేది చదివి, టీచరమ్మకి వయసు మీదపడి చాదస్తం పట్టుకుందని ఎవరైనా అనుకుంటే అనుకోండి. నాకేం నష్టం లేదు. చూసింది చూసినట్టు చెబుతాను. ఇందులో తెల్లచీరలు లేవు, అర్ధరాత్రి లేదు, శ్మశానం లేదు. పట్టపగలు, అన్నాల వేళ జరిగింది.

మా ఆయనకి తెనాలి బజార్లో ఇనప సామాను కొట్టు ఉండేది. పలుగులు, పారలు, గడ్డపారలు, బావి గిలకలు, తలుపు గొళ్ళేలు. మనిషి భారీ. భారీ అంటే మీరనుకునే భారీ కాదు. రిక్షావాళ్ళు ఆయన్ని దూరం నుంచి చూసి పక్కసందులోకి తిప్పేసేవాళ్ళు. బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ఆయనకొక్కరికే చాలేది కాదు. చొక్కా కుట్టే మేస్త్రీ టేపు చాలక రెండుసార్లు కొలిచి కలిపేవాడు. ఎవరు వేళాకోళం చేసినా ఆయన పగలబడి నవ్వేవారు. "సగం నా తప్పు, సగం మా టీచరమ్మ వంట తప్పండీ" అనేవారు.

ఆయన బరువెంతో నాకు సరిగ్గా తెలియదు. కొట్లోనే పెద్ద కాటా ఉంది, ఊరందరి సామానూ తూచే మనిషి, తను మాత్రం దాని మీద ఏనాడూ నిలబడలేదు. చిన్నప్పటినుంచీ వాళ్ళమ్మ ఎక్కనిచ్చేది కాదట. పిల్లవాడి బరువు పైకి చెబితే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. క్వింటాలు దాటి చాలా ఉంటారని నా అంచనా.

ఆ రోజుల్లో ఒళ్ళు చెయ్యడమంటే ఆరోగ్యం. సన్నగా ఉన్నవాణ్ణి చూసి, అయ్యో ఏం జబ్బు చేసిందో అని జాలిపడేవాళ్ళం. ఆయన బేరం మధ్యలో గల్లాపెట్టె మీదకి వాలి గుర్రు పెడితే, సుఖపురుషుడు అనేవాళ్ళు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చునేవారు. బోర్లా పడుకోవడం ఆ పొట్టతో కుదిరే పని కాదు. మా పెళ్ళయినప్పటినుంచీ గోడకి బాలీసు పెట్టుకుని, చేరగిలబడే నిద్రపోయేవారు. అది జబ్బు లక్షణమని మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

మా అత్తగారు రేపల్లెలో కూతురి దగ్గర ఉండేది. ఆ కూతురే సామ్రాజ్యం వదిన, మా ఆయనకి అక్క. అత్తగారు నూతిగట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మంచం దిగలేదు ఇక. తర్వాత మెల్లగా మతి తప్పింది. ఒకరోజు వదినని అమ్మా అని పిలిచేది, ఇంకోరోజు ఎవరే నువ్వు అనేది. పక్కకి ఒత్తిగిల్లాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎండిపోయి, పక్కలో ఉందో లేదో తెలియనట్టుండేది.

అరవైల చివర్లో ఒక చలికాలం ఊరంతా జ్వరాలు పట్టుకున్నాయి. ఫ్లూ అన్నారు. ఇంటికి ఒకరు కాదు, ఇంటిల్లిపాదీ పడకేశారు. మా స్కూల్లో సగం బెంచీలు ఖాళీ. ముందు నాకు వచ్చింది, తర్వాత మా ఇద్దరు పిల్లలకి, తర్వాత కొట్లో గుమాస్తాకి. ఒళ్ళునొప్పులు, దగ్గు, నీరసం. మిరియాల కషాయాలు తాగి, చారన్నం తిని అందరం లేచి కూర్చున్నాం. గుమాస్తా గడకర్రలాంటి మనిషి. వాడే అందరికంటే ముందు లేచి కొట్టు తెరిచాడు.

చివర్న మా ఆయనకి వచ్చింది. ఇంత మనిషి, ఆయన్ని జ్వరం ఏం చేస్తుందిలే అని నేనే అన్నాను. పిల్లలు నీరసంగా ఉన్నారని వాళ్ళని బాపట్ల పంపించాను, మా పుట్టింటికి.

మిగతావాళ్ళకి తగ్గుముఖం పట్టిన వేళకి ఆయనకి ఎక్కువైంది. జ్వరం సంగతి అటుంచి, ఊపిరి అందడం మానేసింది. "మంచినీళ్ళు" అనడానికి రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు తయారయ్యాయి. బాపట్లలో ఉన్న మా తమ్ముడు ప్రసాదుకి కబురు పెట్టాను.

ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళాలి? రిక్షాలో పట్టరు. అద్దె కారు తలుపులో దూరరు. చివరికి కొట్టుకి ఇనప కడ్డీలు మోసుకొచ్చే తోపుడుబండి మీద పరుపేసి, ఆయన్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళాం. ప్రసాదు ఒక పక్క, గుమాస్తా ఒక పక్క పట్టుకున్నారు. బజారంతా బయటికొచ్చి నిలబడి చూసింది. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

ఆసుపత్రి పేరు, డాక్టరుగారి పేరు చెప్పను. మంచి డాక్టరు. వరండా చివర ఒక గది ఉండేది, బాగా ప్రమాదంలో ఉన్నవాళ్ళని అందులో పెట్టేవారు. ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక సిలైను స్టాండు, అంతే. ఇప్పటి యంత్రాలేమీ అప్పట్లో లేవు. ఒక మంచం మీద ఆయన పట్టలేదు. రెండు ఇనప మంచాలు పక్కపక్కన చేర్చి, మా కొట్లోంచి తెచ్చిన తాడుతో కోళ్ళు కలిపి కట్టారు.

"మీ ఆయన బరువెంతమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

తెలియదన్నాను. ఆయన నా వంక అదోలా చూశారు.

"జ్వరం అందరికీ వచ్చిందేనమ్మా. మీకు వచ్చిందే ఆయనకీ వచ్చింది. కానీ ఈ ఒళ్ళు దాన్ని తట్టుకోలేదు. ఊపిరితిత్తుల నిండా చేరిపోయింది. పైనుంచి ఇంత బరువు. ఛాతీ లేవాలంటేనే కష్టంగా ఉంది" అన్నారు.

ఒళ్ళంటే బలం అనుకుని ఇన్నేళ్ళూ నెయ్యి వేసి పెట్టాం. ఆ బలమే ఆయన గుండెల మీద కూర్చుని ఊపిరి తియ్యనివ్వడం లేదని డాక్టరుగారు అంటున్నారు.

గుంటూరు తీసుకెళ్ళమంటారా అని ప్రసాదు అడిగాడు. దారిలోనే ప్రాణం పోతుందన్నారు. ఇంజెక్షన్లు ఇచ్చారు, ముక్కులో గొట్టం పెట్టి ఆక్సిజన్ పెట్టారు. మొదట చేరగిలా కూర్చోబెట్టాం. ఓపిక పూర్తిగా పోయాక జారిపోయి వెల్లకిలా అయిపోయారు. పైకి లాగితే మళ్ళీ జారేవారు. ఒళ్ళు తుడవడానికి కాస్త పక్కకి ఒత్తిగిలబెట్టాలంటే నలుగురు కావాలి. ఇద్దరు వార్డుబాయిలు, ప్రసాదు, గుమాస్తా. అయినా మంచాలు కిర్రుమని జరిగేవి, నలుగురూ రొప్పుతూ నిలబడేవాళ్ళు.

రేపల్లెకి మాత్రం కబురు చెయ్యలేదు. వదిన ఒక్కతే అత్తగారిని చూసుకుంటోంది, వదిలి రాలేదు, విని అక్కడ ఏడ్చి ఏం లాభం అనుకున్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నేను దీన్ని పదిసార్లు సరిచూసుకున్నాను. టెలిగ్రాం ఇవ్వలేదు. ఫోను మాకూ లేదు, వాళ్ళకీ లేదు. మనిషిని పంపలేదు.

అది జరిగిన రోజు పొద్దున డాక్టరుగారు చూసి, ప్రసాదుని వరండాలోకి పిలిచారు. నాకు వినపడకూడదని గొంతు తగ్గించారు గానీ వినపడింది. సాయంత్రం దాకా చూద్దాం, పిల్లల్ని పిలిపించండి అన్నారు. ప్రసాదు నా ముఖం చూడకుండా బాపట్ల వెళ్ళిపోయాడు, పిల్లల్ని తేవడానికి.

నేను గదిలో స్టూలు మీద కూర్చున్నాను. ఆయన గొంతులోంచి రంపం కోస్తున్నట్టు చప్పుడు. ఒకటి వచ్చాక ఇంకొకటి వస్తుందా రాదా అని చూస్తూ కూర్చోవడం, అంతే నా పని. నాకు ముప్పయి నాలుగేళ్ళు. దేవుడికి మొక్కుకోలేదు. మొక్కే అలవాటు లేదు, అప్పటికప్పుడు మొక్కితే సిగ్గుగా అనిపించింది.

మధ్యాహ్నం వార్డుబాయిలు అన్నానికి వెళ్ళారు. గుమాస్తా గేటు బయట సోడా కొట్టు దగ్గర ఉన్నాడు. వరండాలో బల్ల దగ్గర సిస్టరమ్మ కూర్చుని ఉంది. ఆ గదికి ఒకటే గుమ్మం. వెనక కిటికీకి ఇనప ఊచలు, దోమతెర మేకులతో కొట్టి ఉంది. ఇవన్నీ తర్వాత నేను చేత్తో తట్టి చూసినవే.

ఆయన ముఖాన పట్టిన చెమట తుడిచే గుడ్డ తడుపుకుందామని లేచాను. కుళాయి గుమ్మానికి ఎదురుగా, ముంగిట్లోనే. గుమ్మం నా కళ్ళముందే ఉంది. గుడ్డ తడిపి పిండుతున్నాను. ఆ రంపం చప్పుడు ఆగిపోయింది.

అయిపోయింది అనుకున్నాను. గుడ్డ అక్కడే పడేసి గదిలోకి పరిగెత్తాను.

ఆయన బోర్లా పడుకుని ఉన్నారు.

మళ్ళీ చెబుతున్నాను. వెల్లకిలా తప్ప కదలలేని మనిషి, నలుగురు పడితే తప్ప పక్కకి ఒరగని మనిషి, ఆ రెండు మంచాల నడుమ చక్కగా బోర్లా పడుకుని ఉన్నారు. తల ఒక పక్కకి తిప్పి ఉంది. ఒక చెయ్యి తల పక్కన మడిచి ఉంది. ఛాతీ కింద ఆయన తుండుగుడ్డే మడతపెట్టి, దిండులా సర్ది ఉంది. ముక్కులో గొట్టం ఊడలేదు. సిలైను గొట్టం మెలిపడలేదు. మంచాలు ఇంచి కూడా జరగలేదు. రంపం చప్పుడు పోయి, మామూలు ఊపిరి, నిద్రపోయేవాళ్ళ ఊపిరి వినిపిస్తోంది.

నేను పెట్టిన కేక ఆసుపత్రి మొత్తం వినపడిందట.

సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. గుమాస్తా వచ్చాడు. పక్క వార్డులో రోగుల తాలూకు జనం కూడా వచ్చారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే గోల. "బోర్లా పడుకోబెట్టారేంటమ్మా? అపశకునం! ముందు తిప్పండి, తిప్పండి!" మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బోర్లా పడుకుంటే ఊరుకుంటారా? పైగా చావుబతుకుల్లో ఉన్న మనిషి. నేను వద్దనేలోపే ఆరుగురు చేరి పట్టుకుని, అమ్మో అయ్యో అంటూ ఆయన్ని వెల్లకిలా తిప్పేశారు. తాడు వదులై మంచాల మధ్య సందు పడింది. సిలైను స్టాండు పడబోతే సిస్టరమ్మ పట్టుకుంది.

తిప్పిన వెంటనే ఆయన పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు తేలేశారు. రంపం చప్పుడు మళ్ళీ మొదలైంది, అది కూడా ఆగి ఆగి.

డాక్టరుగారు అన్నం మధ్యలో లేచొచ్చినట్టున్నారు, చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు. నేను ఏడుస్తూనే జరిగింది చెప్పాను. బోర్లా ఉన్నప్పుడు ఊపిరి బాగుందని ఒట్టేసి చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించారు.

"మళ్ళీ అట్లాగే తిప్పండి" అన్నారు.

జనం గొణిగారు. ఆయన కసిరారు. మళ్ళీ ఆరుగురు పట్టి, చచ్చీ చెడీ తిప్పారు. చూస్తుండగానే పెదాల నలుపు విరిగింది. చప్పుడు తగ్గింది. డాక్టరుగారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. లేచి, నుదురు తుడుచుకున్నారు.

"ముందు ఎవరు తిప్పారు?" అని అడిగారు.

ఎవరూ లేరన్నాను. వార్డుబాయిల్ని పిలిపించి కేకలేశారు. వాళ్ళు వంటశాల దగ్గర పదిమందిలో కూర్చుని తింటున్నారు. సిస్టరమ్మ ఏసుప్రభువు మీద ఒట్టేసింది, ఆ గుమ్మంలోంచి నేను తప్ప వెళ్ళింది లేదు, వచ్చింది లేదని. గుమాస్తా, పాపం, సోడా గ్లాసు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

ఆయనంతట ఆయనే తిరిగి ఉంటారేమో అన్నాను. నేను సైన్సు టీచర్ని, ఏదో ఒక కారణం కావాలి నాకు.

డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "చిటికెనవేలు ఎత్తే ఓపిక లేదమ్మా ఈయనకి. ఎత్తినా, తుండుగుడ్డ మడతపెట్టి తనకింద తనే ఎట్లా పెట్టుకుంటారు?" అన్నారు.

ఈమధ్య కరోనా వచ్చినప్పుడు టీవీలో చూశాను. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో, ఊపిరాడని రోగుల్ని బోర్లా పడుకోబెడుతున్నారు. లావుగా ఉన్నవాళ్ళకి ఈ జబ్బులు ఎక్కువ ప్రమాదమని, అలాంటి మనిషిని తిప్పడానికి ఐదారుగురు కలిసి పట్టాలని ఒక డాక్టరమ్మ వివరంగా చెప్పింది. నేను టీవీ కట్టేశాను. మా ఆయన ఎందుకు బతికారో అన్నేళ్ళకి అర్థమైంది. అది మా డాక్టరుగారికి కూడా అప్పుడు తెలియని సంగతి. అప్పుడు ఎవరికీ తెలియని ఆ పని చేసిందెవరో మాత్రం టీవీ వాళ్ళు చెప్పలేరు కదా.

సాయంత్రం పిల్లలు వచ్చేసరికి ఆయన బతికే ఉన్నారు. మర్నాడు పొద్దున కూడా బతికే ఉన్నారు. కళ్ళు తెరిచి నన్ను చూశారు. నీళ్ళు తాగారు.

అప్పుడే గుమ్మంలో సామ్రాజ్యం వదిన కనిపించింది. రేపల్లె నుంచి మొదటి బండికి వచ్చింది. చేతిలో పెద్ద క్యారియరు. ఇంటికి వెళ్తే తాళం, పక్కింటావిడ చెబితే ఆసుపత్రికి వచ్చిందట. తమ్ముణ్ణి ఆ రెండు మంచాల మీద బోర్లా చూసేసరికి ఆవిడ గడపమీదే కూలబడింది. క్యారియరు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏమైందే వీడికి? ఎప్పటినుంచి? నాకు చెప్పలేదేంటే?" అంది.

చెప్పాను. జ్వరం సంగతి, తోపుడుబండి సంగతి. బోర్లా సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పి, ఇంతకీ నువ్వెందుకు వచ్చావు వదినా, ఆ క్యారియరు ఏంటి అని అడిగాను.

"బొబ్బట్లు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఇక్కడ మనిషి చావుబతుకుల్లో ఉంటే బొబ్బట్లేంటి వదినా?" అని గట్టిగానే అన్నాను.

"నాకేం తెలుసే తల్లీ, వీడికిట్టా ఉందని? అమ్మ పోరు పడలేక తెచ్చాను" అని ఏడుస్తూ చెప్పుకొచ్చింది.

ముందురోజు మధ్యాహ్నం అత్తగారికి అన్నం పెట్టి, వదిన వంటింట్లో గిన్నెలు సర్దుకుంటోంది. ఆవిడ మామూలుగా ఆ వేళ నిద్రపోతుంది. ఉన్నట్టుండి గదిలోంచి పెద్ద కేక వేసింది. ఎన్నాళ్ళనుంచో ఆ గొంతులో అంత బలం వదిన వినలేదట. పరిగెత్తుకెళ్తే, అత్తగారు చెమటతో ముద్దయిపోయి, రొప్పుతూ, నవ్వుతోందట.

"సామ్రాజ్యం, శనగపప్పు నానెయ్యవే! అబ్బాయి బోర్లా పడ్డాడు!" అందట.

చంటిపిల్లలు మొదటిసారి బోర్లా పడితే మన ఇళ్ళల్లో బొబ్బట్లు వండి పంచుతాం కదా. ఆవిడ అదే పట్టుకుంది. ఏ అబ్బాయమ్మా, ఇంట్లో చంటిపిల్లలెవరూ లేరు అని వదిన ఎంత చెప్పినా వినలేదు. వండేదాకా మంచినీళ్ళు ముట్టలేదు. వండాక, తెనాలి పట్టుకెళ్ళి పంచమని పోరు. పక్కింటావిడని కాపలా పెట్టి వదిన బయల్దేరింది, ఒకసారి మమ్మల్ని చూసినట్టూ ఉంటుందని.

గోడ పట్టుకుని కింద కూర్చున్నాను. "ఇట్టాంటి మాటలు ఆవిడ ఎప్పుడూ అంటూ ఉంటుందా వదినా?" అని అడిగాను. అందుకోసమే అడిగాను, అవునంటే నా భయం పోతుందని.

"లేదే. ఇదే మొదలు" అంది.

గుమ్మం దగ్గర డాక్టరుగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, అంతా విన్నట్టున్నారు. "ఏ వేళకమ్మా అన్నది?" అని వదినని అడిగారు. అన్నం తిన్నాక, గిన్నెలు సర్దుతుంటే అని వదిన చెప్పింది. ఆయన క్యారియరు మూత తీయించి, ఒక బొబ్బట్టు తీసుకుని, నిలబడే తినేసి వెళ్ళిపోయారు. నాతో ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మా ఆయన లేచి కూర్చోవడానికి చాలా రోజులు పట్టింది. ఒళ్ళు బాగా తగ్గింది. ఆ మధ్యాహ్నం సంగతి గుర్తుందా అని అడిగితే, ఏమీ గుర్తులేదన్నారు. ఎవరో వీపు మీద మెల్లగా జోకొడుతున్నట్టు మాత్రం ఉందట. నేనేనేమో అనుకున్నారట. నేను కాదని చెప్పడానికి నాకు భయమేసింది, ఊరుకున్నాను. వదిన చెప్పింది కూడా ఆయనకి చెప్పలేదు.

ప్రయాణం చెయ్యగలిగిన ఓపిక రాగానే, అమ్మని చూడాలన్నారు. ఇద్దరం రేపల్లె బండెక్కాం.

మేము వెళ్ళేసరికి అత్తగారికి వదిన అన్నం తినిపిస్తోంది. నేను ఆశ్చర్యపోయాను. నడుము కిందనే గానీ ఆవిడ చేతులకి అదివరకు ఏ లోపం లేదు, అన్నం తనే కలుపుకుని తినేది.

"చేతులకేమైంది వదినా?" అన్నాను.

వదిన ఆవిడ మీది దుప్పటి కాస్త తీసింది. భుజాల దగ్గర్నుంచి మణికట్ల దాకా రెండు చేతులకీ కట్లు. కట్లు లేని చోట చర్మం ఇంకా పచ్చగా, నల్లగా కమిలి ఉంది. బొబ్బట్లు పట్టుకుని తెనాలి వచ్చి తిరిగి వెళ్ళేసరికి వాచిపోయి ఉన్నాయట. మంచం మీంచి పడలేదు, పడితే మళ్ళీ మంచం ఎక్కలేదు కదా. డాక్టరు చూసి, ముసలావిడ చేత ఏం మోయించారండీ, కండరాలు తెగిపోయాయి అని వదినని తిట్టాడట. చేతులు ఇక లేవవని చెప్పేశాడట.

ఆయన వంక చూడలేకపోయాను.

ఆయన మంచం పక్కన నేలమీద కూర్చుని, "అమ్మా" అన్నారు.

ఆవిడ పరీక్షగా చూసింది. "ఎవరి తాలూకు అబ్బాయివి నాయనా?" అంది.

"నేనమ్మా, నీ కొడుకుని."

ఆవిడ నవ్వింది. "నా కొడుకు చంటోడు నాయనా. మొన్నే బోర్లా పడ్డాడు. ఎంత బరువనుకున్నావు! నా రెక్కలు పడిపోయాయి" అంది.

ఆయనకి అర్థమైపోయింది. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పని మనిషికి అంతా ఒక్కసారే తెలిసిపోయినట్టు ముఖం పాలిపోయింది. నా వంక ఒకసారి, ఆ కట్ల వంక ఒకసారి చూశారు. పరాయి మనిషి అడిగినట్టే అడిగారు.

"అంత బరువైతే ఎందుకెత్తావమ్మా?"

"ఎత్తకపోతే ఎట్టా నాయనా?" అంది ఆవిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు. "వాడికి ఊపిరాడటంలా."

ఆయనకి ఊపిరాడని సంగతి ఆ ఇంట్లో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తర్వాత వదిన చేత ఒట్టు వేయించుకుని మరీ అడిగాను. ఆవిడ దగ్గర తమ్ముడి పేరు కూడా ఎత్తలేదంది.

మా ఆయన మంచం పట్టె మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ కంగారు పడింది. "అయ్యో, ఎందుకేడుస్తున్నాడే ఈ అబ్బాయి?" అని వదినని అడిగింది. ఆయన తల నిమరబోయి చూసుకుంది. చేతులు లేవలేదు.

తెనాలికీ రేపల్లెకీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు. ఎముక విరిగిన ముసలావిడ ఎంత బరువు ఎత్తగలదో తెలుసు. నలభై ఏళ్ళు పిల్లలకి ప్రతిదానికీ కారణం చెప్పినదాన్ని, దీనికి మాత్రం ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.